తీమార్‌దార్ ఆకలి ఎవరి ఖాతాలో?

రమజాన్ చాంద్ కనపడగానే మన మస్జిదుల ముందు రసీదు బుక్కులు తెరుచుకుంటాయి. ఇమామ్ సాబ్ సలాం తిప్పగానే మొదటి సఫ్ లోంచి ఒక సఫీర్ సాబ్ లేచి నిలబడతాడు. బీహార్‌లో మదర్సా, యూపీలో యతీంఖానా, అస్సాంలో వరదకు కూలిన మస్జిద్. ఎండకు వడలిన మొహం, చంకలో సంచి, చేతిలో తస్దీక్‌నామా. మనం ఇస్తాం. ఇవ్వాలె కూడా. ఎక్కడో పిల్లల చదువు కోసం రోజా ఉండి మన గల్లీలన్నీ తిరిగే మనిషి మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు.

నా ఫిర్యాదు మన మీద. సికింద్రాబాద్‌లో, చిలకలగూడలో, భోలక్‌పూర్‌లో కూర్చుని మనం ఇచ్చే పైసా వెయ్యి మైళ్ల అవతల కిషన్‌గంజ్ దాకా పోతది. ముషీరాబాద్ చౌరస్తా దాటి గాంధీ దవాఖానా గేటు దాకా ఎందుకు పోదు? రైలు టికెట్ అక్కర్లేదు, సఫీర్ అక్కర్లేదు, తస్దీక్‌నామా అక్కర్లేదు. ఆటో ఎక్కితే పది నిమిషాలు. అస్ర్ తర్వాత పోయి మగ్రిబ్‌కు తిరిగి రావొచ్చు.

ఉర్దూలో ఒక మంచి మాట ఉంది: తీమార్‌దార్. మరీజ్ పక్కన కూర్చుని కనిపెట్టుకుని ఉండేవాడు. మందు తాగించేవాడు, పక్క మార్చేవాడు, రాత్రంతా సెలైన్ బాటిల్ వైపు చూస్తూ మేలుకునేవాడు. బడిలో ఆ మాట నేర్చుకున్నా. తర్వాత డిగ్రీ తెలుగులో చేసినా దానికి సాటి మాట నాకు దొరకలేదు. పేపర్లో ‘రోగి సహాయకులు’ అని రాస్తాం. హెడ్డింగ్‌లో పట్టలేదంటే డెస్కు మీది తమ్ముడు ‘బంధువులు’ అని కొట్టేస్తాడు. జనం మాత్రం ‘అటెండర్’ అంటారు, దవాఖానా నౌకర్ అన్నట్టు. ఆ మాటలో తప్పేమీ లేదు మరి. జీతం లేని నౌకరే. స్ట్రెచర్ తోసేది అతనే, రక్తం నమూనా ల్యాబ్‌కు మోసేది అతనే, రిపోర్ట్ కోసం లైన్‌లో నిలబడేది అతనే, పక్క మంచం మీద ఎవరూ లేని ముసలాయనకు నీళ్లు పట్టేదీ అతనే. సర్కారీ దవాఖానా ఏదైనా తీసుకోండి, ఈ జీతంలేని మనుషులను ఒక్క రోజు బయటికి పంపి చూడండి, మధ్యాహ్నానికల్లా వార్డు ఆగిపోతుంది.

మరీజ్ పేరు కేస్‌షీట్ మీద ఉంటుంది. మంచం నంబరు ఉంటుంది. సర్కారు అన్నం, పాలు, గుడ్డు అతని పేరు మీద వస్తాయి. తీమార్‌దార్ పేరు ఏ కాగితం మీదా ఉండదు. జహీరాబాద్ వైపు పల్లె నుంచి కొడుకును తీసుకొచ్చిన ఒక ఖాలా నాతో అన్నది: “మరీజ్ కు ఖానా దేతే బాబా, మేరే కు కౌన్ దేతా?” ఆరోగ్యశ్రీ ఉంది కదా అన్నా. జవాబుకు ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. “కార్డ్ హై బాబా. కార్డ్ ఖాతే క్యా?”

ఆ ఖాలా మాట మీద నేను చాలా రోజులు ఆలోచించా. ఆరోగ్యశ్రీ చిన్న విషయం కాదు. 2007లో రాజశేఖరరెడ్డి హయాంలో మొదలైంది, 2023 డిసెంబర్‌లో తెలంగాణలో దాని హద్దు 5 లక్షల నుంచి 10 లక్షలకు పెరిగింది. మన బస్తీల్లో ఎంతమంది గుండె ఈ కార్డు మీద కొట్టుకుంటోందో నాకు తెలుసు. దేశం మొత్తం మీద వైద్యానికి జనం సొంత జేబులోంచి పెట్టే వాటా కూడా తగ్గిందని సర్కారీ లెక్కలే చెబుతున్నాయి. 2014-15లో నూటికి 62 రూపాయలకు పైన ఉండేది, 2021-22 నాటికి 39 రూపాయలకు దిగింది. సంతోషం. అయితే ఆ లెక్కలో కూలి పోయిన రోజులు ఉండవు. ఊళ్లో పక్కింటి వాళ్లకు వదిలేసి వచ్చిన ఇద్దరు పిల్లల తిండి ఉండదు. మేకను అమ్మిన సంగతి ఉండదు. నూటికి మూడు రూపాయల మిత్తీకి తెచ్చిన పదివేలు ఉండవు. ఆపరేషన్‌కు పైసా పడదు, నిజమే. ఆపరేషన్ అయ్యేదాకా ఇరవై రోజులు మెట్రో పిల్లర్ల నీడన పడుకోవడానికి పైసా పడుతుంది.

ఇప్పుడు మన కితాబ్ దగ్గరికి వద్దాం. జకాత్ ఎవరికి ఇవ్వాలో మౌల్వీ సాబ్ ఇష్టానికో, నా ఇష్టానికో వదల్లేదు. సూరా తౌబా 60వ ఆయత్‌లో ఎనిమిది ఖాతాలు తేల్చి చెప్పారు. ఫకీర్లు, మిస్కీన్లు, వసూలు చేసే ఆమిల్‌లు, మనసు గెలవాల్సినవాళ్లు, మెడలు విడిపించాల్సిన బానిసలు, అప్పుల్లో మునిగిన గారిమీన్, ఫీ సబీలిల్లాహ్, ఇబ్నుస్సబీల్. చిన్నప్పుడు దీనియాత్ పీరియడ్‌లో వేళ్ల మీద లెక్కపెట్టి ఒప్పజెప్పినవాళ్లమే మనమంతా. అందులో కడపటిది ఇబ్నుస్సబీల్, బాట కొడుకు. ఊరు వదిలి వచ్చి దారిలో పైసలు అయిపోయిన ముసాఫిర్. ఇంటి దగ్గర అతనికి రెండెకరాలు ఉన్నా, బర్రె ఉన్నా సరే, ఇక్కడ చేతిలో లేకపోతే హక్‌దారే అని ఫిఖహ్ కితాబులు చెబుతాయి. బాన్సువాడ నుంచి, కాగజ్‌నగర్ నుంచి, నారాయణ్‌పేట నుంచి బీమార్ మనిషిని ఎత్తుకొచ్చి గాంధీ గేటు ముందు చాప పరుచుకున్న మనిషి ఇబ్నుస్సబీల్ కాకపోతే ఇంకెవరు? ఇంటి పట్టా తాకట్టు పెట్టి వచ్చిన తండ్రి గారిమీన్ కాకపోతే ఇంకెవరు? ఎనిమిదిలో రెండు ఖాతాలు ఒకే చాప మీద పక్కపక్కన పడుకుని ఉంటే, మనం బాట కొడుకును వెతకడానికి మ్యాప్ తీస్తున్నాం.

ఈ మాట ఒక మస్జిద్ కమిటీ ముందు పెట్టా. ఆ మస్జిద్ పేరు చెప్పను, మన మస్జిదులన్నీ అంతే కనక. మూడు అభ్యంతరాలు వచ్చాయి.

మొదటిది తమ్లీక్. జకాత్ పైసా ముస్తహిఖ్ చేతికి మాలికానా హక్కుతో అందాలి. బిల్డింగ్ కట్టొద్దు, జీతాలివ్వొద్దు, నీళ్ల ట్యాంక్ పెట్టొద్దు. హనఫీ మస్‌లక్‌లో ఈ షరతు గట్టిది. నాకూ తెలుసు. కానీ ఇది అడ్డంకి ఎట్లా అవుతుంది? మందులు కొని మరీజ్ తల్లి చేతిలో పెడితే తమ్లీక్ కాదా? ఊరికి బస్సు టికెట్ పైసలు ఆయన గుప్పిట్లో పెడితే కాదా? ఉలమా ఇంకా బారీకీ చెబుతారు: దస్తర్‌ఖాన్ పరిచి కూర్చోబెట్టి తినిపిస్తే జకాత్ అదా కాదు, ఎందుకంటే తిన్నంతే తిన్నాడు, మాలిక్ కాలేదు. అదే అన్నం పొట్లం చేతికిస్తే అదా అవుతుంది, తింటాడో, దాచుకుంటాడో, వార్డులో ఉన్న మనిషికి తీసుకుపోతాడో అతని ఇష్టం. చూశారా, తీమార్‌దార్‌కు కావాల్సింది సరిగ్గా అదే. అతను వార్డు వదిలి వచ్చి గంటసేపు మన దస్తర్‌ఖాన్ ముందు కూర్చోలేడు. డాక్టర్ రౌండ్ ఎప్పుడొస్తుందో తెలీదు. పొట్లమే కావాలి. ఫిఖహ్ షరతు, ఆకలి షరతు ఇక్కడ ఒకటైపోయాయి. అయినా కమిటీలో ఒక పెద్దమనిషి “దేఖేంగే” అన్నాడు. మన మిల్లత్ సగం పనులు ఈ దేఖేంగేలోనే దఫన్ అయ్యాయి.

రెండో అభ్యంతరం నెమ్మదిగా, గొంతు తగ్గించి వచ్చింది. “వహా అప్నే లోగాఁ కిత్నే రహతే?” అక్కడ మనవాళ్లు ఎంతమంది ఉంటారు? దీని మీద కోపం రావాల్సినంత కోపం నాకు వచ్చింది. కానీ కోపం పక్కన పెట్టి ఇల్మీ జవాబే చెబుతా. ఫర్జ్ జకాత్ ముసల్మాన్ హక్‌దార్‌కే అని మన ఫుఖహాలో ఎక్కువ మంది రాయ్. సరే, ఆ డబ్బా వేరే పెట్టండి. నఫిల్ సదఖా, లిల్లాహ్ పైసా ఎవరికైనా ఇవ్వొచ్చు, అందులో తగాదా లేదు. ఇంకో మాట. ఇమామ్ అబూ హనీఫా షాగిర్ద్ ఇమామ్ అబూ యూసుఫ్ తన కితాబుల్ ఖరాజ్‌లో హజ్రత్ ఉమర్ గురించి ఒక వాఖియా రాశారు. బిచ్చమెత్తుతున్న ఒక ముసలి, చూపు లేని యూదీని చూసి ఉమర్ చెయ్యి పట్టుకుని తన ఇంటికి తీసుకుపోయి ఉన్నది ఇచ్చారు, తర్వాత బైతుల్ మాల్ ఖజాంచీని పిలిచి ఇతన్నీ ఇతనిలాంటి వాళ్లనూ చూసుకొమ్మన్నారు. ఆ ఎనిమిది ఖాతాల్లోని మిస్కీన్లలో ఇట్లాంటి వాళ్లూ ఉన్నారన్నది ఆయన వాదన. కమిటీలో మిగతావాళ్ల కంటే ఉమర్‌కు దీన్ తక్కువ తెలుసని నేను అనుకోను.

పైగా ఎవరు ఎవరికి పెడుతున్నారో కళ్లు తెరిచి చూడండి. 2022 మే నెలలో సర్కారు నగరంలోని 18 దవాఖానాల్లో తీమార్‌దార్లకు 5 రూపాయల భోజనం మొదలుపెట్టింది. వండి తెచ్చే జిమ్మేదారీ హరేకృష్ణ మూవ్‌మెంట్ వాళ్లది. ఆ క్యూలో బుర్ఖా కొంగు నడుముకు దోపుకుని నిలబడ్డ మన ఖాలాలు, అమ్మీలు ఉన్నారు. గంటె పట్టుకున్నవాడు పేరడిగి వడ్డించడం లేదు. నామం పెట్టుకున్నవాడు మన ఆడబిడ్డకు పేరడక్కుండా అన్నం పెడుతుంటే, టోపీ పెట్టుకున్న మనం “అప్నే లోగాఁ కిత్నే” అని లెక్క తీస్తున్నామా? అల్లాహ్ ముందు ఈ హిసాబ్ ఎట్లా అప్పజెబుతామో ఆ పెద్దమనుషులే ఆలోచించుకోవాలి.

అదృష్టం ఏమిటంటే మిల్లత్ అంటే ఆ కమిటీ ఒక్కటే కాదు. దబీర్‌పురా ఫ్లైఓవర్ కింద అజహర్ మక్సూసీ 2012 నుంచి ఆకలిగొన్నవాళ్లకు రోజూ అన్నం పెడుతున్నాడు. ప్లాస్టర్ ఆఫ్ పారిస్ పని చేసుకునే మనిషి, చిన్నప్పుడే తండ్రి పోయినవాడు. స్టేషన్ దగ్గర ఆకలితో ఏడుస్తున్న ఒక కాళ్లులేని ఆడమనిషికి తన టిఫిన్ డబ్బా ఇచ్చెయ్యడంతో మొదలైన పని అది. ఆమె హిందువు. తర్వాత అతను మన గాంధీ దవాఖానా దగ్గరా దేగ్ దించాడు. భూక్‌కు మజ్‌హబ్ ఉండదన్నది అతను ఎప్పుడూ చెప్పే మాట. అతను ఆలిమ్ కాదు, ముతవల్లీ కాదు. ఇంట్లో వండించి, రిక్షాలో వేసి తెచ్చి పెట్టడం మొదలుపెట్టాడు, అంతే. కరోనా రోజులు గుర్తున్నాయా? 2020లో గాంధీని పూర్తిగా కోవిడ్ దవాఖానా చేసినప్పుడు, సొంత కొడుకులు దగ్గరికి రాని మయ్యిత్‌లను మన కుర్రాళ్లు పీపీఈ కిట్లు వేసుకుని మోశారు. జనాజా ఉన్నచోట జనాజా, చితి ఉన్నచోట చితి. ఏ మతం వాళ్లదో చూడలేదు. తబ్లీగీ పేరుతో టీవీలు మన మీద విషం కక్కుతున్న నెలలవి. ఆ కుర్రాళ్ల దగ్గర ఉన్న దీన్ మన కమిటీల దగ్గర కాస్త ఉన్నా చాలు.

మూడో అభ్యంతరం కమిటీది కాదు, నా పాత దోస్త్‌ది. లెఫ్ట్ పార్టీ మనిషి, ఇప్పటికీ చాయ్ బిల్లు తనే కడతాడు, కాబట్టి అతని మాట విని తీరాలి. “మీ ఖైరాత్ వల్లే సర్కారు తప్పించుకుంటోంది. దవాఖానాలో ధర్మశాల కట్టించడం, మందులు ఇవ్వడం హుకూమత్ పని. మీరు పొట్లాలిస్తే అడిగే నోరు మూసుకుపోతుంది” అంటాడు. ఇందులో సగం నిజం ఉంది. ఆ సగాన్ని నేను తోసెయ్యను. మందులు, పరీక్షలు, మంచాలు, నర్సులు సర్కారు జిమ్మేదారీయే. అక్కడ ఖైరాత్‌తో అతుకులు వెయ్యకూడదు, అర్జీలతో, ధర్నాలతో, వార్తలతో వెంటపడాలి. వెంటపడితే పని జరుగుతుంది కూడా. 2016 ఆగస్టులో ఒడిశా కలహండిలో ఒకాయన భార్య శవాన్ని భుజాన మోసుకుని కిలోమీటర్ల కొద్దీ నడిచిన దృశ్యం దేశమంతా చూసింది. అదే నవంబర్‌లో మన లింగంపల్లి దగ్గర కుష్ఠుతో బాధపడే ఒక బిచ్చగాడు, బండి కిరాయికి డబ్బు లేక, భార్య మయ్యిత్‌ను చేతిబండి మీద వేసుకుని అరవై కిలోమీటర్ల దాకా వికారాబాద్ వైపు తోసుకుపోయాడు. ఆ ఏడాదే తెలంగాణ సర్కారు దవాఖానాల నుంచి మయ్యిత్‌లను మొయ్యడానికి ఉచిత పార్థివ వాహనాలు తెచ్చింది. అడిగితే వస్తుంది. ఒప్పుకుంటా.

కానీ నా దోస్త్ ఒక సంగతి మరిచిపోతాడు. అడగడానికి టైం పడుతుంది, ఆకలికి టైం లేదు. రాత్రి రెండింటికి కొడుకు పోయిన తండ్రి దగ్గర నిలబడి “కామ్రేడ్, ఇది హుకూమత్ వైఫల్యం” అంటే ఆయనకు ఏం అర్థమవుతుంది? ఆయనకు ఆ పొద్దు కావాల్సింది ఫలానా కిటికీ దగ్గర ఫలానా కాగితం తీసుకోవాలని చెప్పే మనిషి, ఊళ్లో అన్నకు ఫోన్ చేసి పెట్టే మనిషి, వాహనం వచ్చేదాకా పక్కన కూర్చునే మనిషి. ఏ జీవో కూడా పక్కన కూర్చోదు. కరాచీలో అబ్దుల్ సత్తార్ ఈధీ 2016లో చనిపోయేదాకా చేసింది ఇదే కదా. పాకిస్తాన్ పేరెత్తానని గొడవకు దిగేవాళ్లకు ముందే చెబుతున్నా, ఆయన పుట్టింది మన గుజరాత్‌లోని బాంట్వాలో. రోడ్డు మీద జోలె పట్టి నిలబడి జనం పైసాతో అంబులెన్సుల ఖాఫిలా నడిపాడు, లావారిస్ మయ్యిత్‌లకు తన చేతులతో గుస్ల్ ఇచ్చాడు. సర్కారు పైసా ముట్టలేదు.

ఇక పండ్ల పంపిణీ. ఈ ఒక్క విషయం మీద నాకు ఓపిక లేదు. ఎవరో ఒక లీడర్ పుట్టినరోజు. పొద్దున పదింటికి పదిహేను మంది తెల్ల చొక్కాలు వార్డులోకి దూరతారు. ముందు కెమెరా, వెనక బుట్ట. ఒక్కో మంచం మీద రెండు అరటిపళ్లు, ఒక బ్రెడ్ ప్యాకెట్. షుగర్ పేషెంటా, నిన్న కడుపు కోసిన పేషెంటా చూసేవాడు లేడు. ముక్కులో గొట్టం ఉన్న మనిషి చేతిలో యాపిల్ పెట్టి ఫోటో దిగినవాళ్లను నేను ఈ కళ్లతో చూశా. మంచం మీద పడి ఉన్న మనిషిది కూడా ఇజ్జత్ కదా, అతని మొహం ఫ్లెక్సీ మీదికి ఎక్కించే ఇజాజత్ ఎవరిచ్చారు? పార్టీల వాళ్లనే అనడం లేదు. మన తంజీమ్‌లు తక్కువ తిన్నాయా? మీలాద్ రోజు, జమాత్ సాల్‌గిరా రోజు మనమూ ఇదే తమాషా. కుడిచెయ్యి ఇచ్చింది ఎడమచెయ్యికి తెలియకూడదని మింబర్ మీద నుంచి వింటాం, బయటికొచ్చి రెండు చేతులతో సెల్ఫీ దిగుతాం. రియాకు దీన్‌లో ఏం పేరుందో ఇమామ్ సాబ్‌ను అడగండి.

పండ్లు పంచిన అదే గంటలో అదే పైసాతో ఏం చెయ్యొచ్చో వార్డు ఆయమ్మను అడిగినా చెబుతుంది. పెద్దవాళ్ల డైపర్లు. ఇవి ఎంత పిరమో, లకువా కొట్టిన తండ్రిని నెల రోజులు చూసుకున్న కూతుర్నడగండి. ఫోన్ రీఛార్జ్. చెప్పులు. ఆడవాళ్లకు ప్యాడ్‌లు. అంబులెన్స్‌లో కట్టుబట్టలతో వచ్చినవాళ్లకు ఒక జత బట్టలు. చలికాలంలో దుప్పటి, వానాకాలంలో కింద వేసుకోవడానికి పట్టా. రక్తం ఇచ్చే ఇద్దరు కుర్రాళ్లు. డిశ్చార్జ్ రోజు బస్సు కిరాయి. డిశ్చార్జ్ కాగితం చేతికొచ్చినా ఊరికెళ్లడానికి పైసల్లేక గేటు దగ్గరే ఇంకో రాత్రి గడిపే కుటుంబాలు ఉన్నాయని మీకు తెలుసా? వీటిలో ఏదీ ఫోటోకు బాగుండదు. డైపర్ పట్టుకుని లీడర్ నవ్వలేడు.

మన పెద్దలకు ఇది తెలియని విద్య కాదు. 1284లో ఖాహిరాలో సుల్తాన్ ఖలావూన్ బీమారిస్తాన్ కట్టించి, దుకాణాలు, జమీన్లు దాని పేర వక్ఫ్ చేశాడు. ఆ కిరాయితో అమీర్, గరీబ్ తేడా లేకుండా దవా. తందురుస్త్ అయి వెళ్లేవాడికి చేతిలో కొంత సొమ్ము పెట్టి పంపేవాళ్లని చరిత్రకారులు రాశారు, వెళ్లిన మర్నాడే కూలికి పరిగెత్తాల్సిన పని లేకుండా. ఏడువందల ఏళ్ల కిందట కూలి పోయిన రోజుల లెక్క వాళ్లకు తట్టింది. ఇంత దూరం ఎందుకు, రెడ్ హిల్స్‌లో క్యాన్సర్ దవాఖానా మెహదీ నవాజ్ జంగ్ పేరు మోస్తోంది. 1955లో దాన్ని నిలబెట్టినవాడాయన, తర్వాత గుజరాత్‌కు మొదటి గవర్నర్. నీలోఫర్ దవాఖానా, ఒక దాసీ కాన్పులో చనిపోతే షహజాదీ నీలోఫర్ గుండె పగిలి పుట్టినది. ముంబైలో టాటా క్యాన్సర్ ఆసుపత్రికి వచ్చే పేదలకు దాదర్‌లో గాడ్గే మహారాజ్ పేర ధర్మశాల ఉంది. ముసాఫిర్‌కు సరాయి కట్టించడం మనకూ తెలిసిన పనే, నాంపల్లి స్టేషన్ ఎదురుగా 1919లో ఏడో నిజాం కాలంలో కట్టిన సరాయి సాక్ష్యం. అది మన కళ్ల ముందే పాడుబడింది.

సచ్చర్ కమిటీ 2006లో లెక్క తీసింది. దేశంలో రిజిస్టర్ అయిన వక్ఫ్ ఆస్తులు 4.9 లక్షలు, భూమి 6 లక్షల ఎకరాలు, బజార్ విలువ 1.2 లక్షల కోట్ల రూపాయలు, ఏడాదికి వస్తున్న ఆమ్దనీ 163 కోట్లు. సరిగ్గా వాడితే 12 వేల కోట్లు రావొచ్చని ఆ రిపోర్టే చెప్పింది. మిగతాది ఎవరి కడుపులోకి పోతోంది? కొంత సర్కారు దఫ్తర్ల కింద ఉంది, కొంత కబ్జాదారుల కింద ఉంది, కొంత, ఈ మాట రాస్తే కొందరికి నచ్చదు, మన ముతవల్లీల బావమరుదుల కింద ఉంది. 2025లో వక్ఫ్ కానూన్ సవరణ మీద మనం రోడ్ల మీదికొచ్చాం, చేతికి నల్ల పట్టీలు కట్టుకున్నాం. నేనూ కట్టుకున్నా, మళ్లీ అవసరమైతే మళ్లీ కట్టుకుంటా. కానీ వక్ఫ్ మాది అని అరిచేవాళ్లు వక్ఫ్ దేనికో కూడా చెప్పాలి. గాంధీ దగ్గర, ఉస్మానియా దగ్గర, నీలోఫర్ దగ్గర ఒక్కొక్క సరాయి, వంద చాపలు, పది గుసల్‌ఖానాలు, ఒక వంట పొయ్యి. వక్ఫ్ బోర్డు ఆదాయంలోంచి ఇంత కట్టించలేమా అని ఆ జల్సాల్లో ఒక్క తఖ్రీర్‌లోనైనా వినలేదు.

గాంధీ ముందు స్టేషన్ దగ్గర ఉండేది. 2003లో ఇప్పుడున్న చోటికి, పాత ముషీరాబాద్ జైలు జాగాకు వచ్చింది. మా మొహల్లా బుజుర్గ్‌లు ఇప్పటికీ ఆ వైపు వెళ్తుంటే “జైల్ కీ తరఫ్” అంటారు. ములాఖాత్ కోసం గేటు బయట సద్ది మూట పట్టుకుని కూర్చునే ఆడవాళ్లు అప్పుడూ ఆ గోడ పక్కనే ఉండేవాళ్లట.

పైసలు లేవని మాత్రం నాకు చెప్పకండి. ఏడున్నర తులాల బంగారం, లేదంటే యాభై రెండున్నర తులాల వెండి విలువ ఏడాది పాటు చేతిలో నిలిచినవాడి మీద నూటికి రెండున్నర ఫర్జ్. వెండి లెక్కన చూస్తే మన బస్తీల్లో ఆటోడ్రైవర్ ఇంట్లో కూడా సాహిబే నిసాబ్ తేలుతారు. ఇక పైవాళ్ల సంగతి. నాలుగో ఉమ్రాకు లక్షకు అటూ ఇటూ పెట్టే వాళ్లు నాకు పదిమంది తెలుసు. మొదటి ఉమ్రాకు ముబారక్. నాలుగోది వెళ్లే ముందు ఒక్క రాత్రి గాంధీ గేటు దగ్గర గడిపి వెళ్లండి. ఇయాదత్ సున్నత్, ఆ సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. బ్యాంకు ఖాతాలో పడ్డ సూద్ ఏం చెయ్యాలో తెలియక వదిలేసినవాళ్లు కూడా ఉన్నారు. సవాబ్ నీయత్ లేకుండా గరీబులకు ఇచ్చి వదిలించుకోమని ముఫ్తీలు చెబుతున్నదే.

నేను కమిటీకి రాసిచ్చింది పెద్ద స్కీమేమీ కాదు. జుమాకు మన మస్జిద్‌లో మూడువందల మంది వస్తారు. తలా ఇరవై రూపాయలు వేస్తే వారానికి ఆరు వేలు. రెండు డబ్బాలు: ఒకటి జకాత్‌ది, ఒకటి లిల్లాహ్. రెండోది ఎందుకంటే అందరి కోసం, ఇంకో కారణం కూడా ఉంది. సయ్యద్‌లు జకాత్ పుచ్చుకోరాదు, కానీ సయ్యద్ కొడుకుకూ యాక్సిడెంట్ అవుతుంది. వారానికి రెండు రోజులు, ఇద్దరిద్దరు కుర్రాళ్లు, తెలుగూ ఉర్దూ రెండూ చదవగలిగినవాళ్లు, దవాఖానాలో కూర్చోవాలి. కార్డు లేనివాళ్లకు కార్డు సంగతి చెప్పాలి, కాగితాలు నింపి పెట్టాలి, ఎవరికి ఏం కావాలో అడిగి రాసుకోవాలి. పేరు అడగాల్సింది రసీదు కోసమే. కెమెరా ఇంట్లో పెట్టి రావాలి. లెక్క ప్రతి నెలా మస్జిద్ నోటీస్ బోర్డు మీద, తీసుకున్నవాళ్ల పేర్లు లేకుండా, పైసాతో సహా. మదర్సా సఫీర్‌లకు ఇచ్చేది ఇచ్చుకోండి, అందులోంచి కొయ్యమని నేను అనలేదు.

కమిటీలో నలుగురు సరే అన్నారు. ఇద్దరు దేఖేంగే అన్నారు. సదర్ సాబ్ ఏమీ అనలేదు, తస్బీహ్ తిప్పుతూ కూర్చున్నారు. డబ్బా తాళంచెవి ఎవరి దగ్గర ఉండాలన్న దగ్గర మీటింగు ఆగింది. ఈ ఆదివారం ఇషా తర్వాత మళ్లీ కూర్చుంటున్నాం. తాళంచెవులు రెండు చేయించి తెస్తున్నా.